రెండో గదిలో ఓట్లు

కంపుంగ్ లినుంగాన్,
బుధవారం, మధ్యాహ్నం.

ప్రభువు సేవలో ఉన్న అక్కకు, చెల్లెలు లిద్వినా చేతులు జోడించి రాస్తున్నది.

ఇక్కడ మేమందరం తింటూ, తిరుగుతూ, మందులు మింగుతూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మదర్ గారూ, తక్కిన సిస్టర్లూ ఆరోగ్యంగా ఉండాలని రోజూ జపమాల చివర ఒక ప్రార్థన కలుపుతున్నాను. మఠానికి వచ్చే ఉత్తరాలు ముందు మదర్ గారు చూస్తారని నువ్వు చెప్పింది మరిచిపోలేదు. ఆవిడకూ నా వందనాలు. ఇందులో ఆవిడ చదవకూడనిది ఏమీ లేదు. నువ్వు చదువుతావనేదే నాకు కష్టంగా ఉంది.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. చర్చికి కొత్త రేకులు వేయడం అయిపోయింది. వాన పడితే ఫాదర్ గారి ప్రసంగం వినపడదు, అందుకని వాన ఆగేదాకా పాటలు పాడుకుంటున్నాం. అడవి మామిడి ఊరగాయ ఈసారి బాగా కుదిరింది. ఫాదర్ గారు క్రిస్మస్ తరువాత కూచింగ్ వస్తారట, ఆయన చేతికి ఒక సీసా ఇచ్చి పంపుతాను. మీ మరిది దొనాతుస్‌కి దగ్గు తగ్గింది గానీ, ఓట్ల ప్రచారానికి మైకు పట్టుకున్నాక మళ్ళీ మొదలైంది. మా సెలిన్ ఓటు వేయడానికి జోహోర్ నుంచి రావడం లేదు. ఫ్యాక్టరీలో సెలవు దొరికేసరికి విమానంలో చోటు లేకుండా పోయింది. "నాన్న నిలబడ్డప్పుడే నేను రాలేకపోయానమ్మా" అని ఫోన్లో ఏడ్చింది. నాన్న ఏమీ అనుకోడులే అన్నాను.

"దొనాతుస్‌కి ఈ వయసులో పోటీ చేయడం ఏమిటి, ఎవరు ఎగదోశారు" అని అడిగావు. ఎవరూ ఎగదోయలేదు అక్కా. గాదె పార్టీకి ఇక్కడ నిలబడడానికి మనిషి దొరకలేదు, అంతే. మన నాన్న ఉన్న రోజుల్లో గాదె గుర్తు మీద నిలబడతామని కొట్టుకునేవాళ్ళు. ఇప్పుడు కోట కినబాలు నుంచి పార్టీవాళ్ళు జీపు వేసుకుని వచ్చి, ఊరూరా తిరిగి, చివరికి మన గుమ్మం ఎక్కారు. "గెలుస్తామని కాదు అన్నా, ఓటు కాగితం మీద గాదె బొమ్మ లేకపోతే పార్టీ చచ్చిపోయిందనుకుంటారు" అన్నారు. మీ మరిది వాళ్ళకు టీ పోయమన్నాడు. ఆ తరువాత సరే అన్నాడు. నాన్న పోయే ముందు ఈయన చేయి పట్టుకుని అడిగింది నీకు గుర్తుంది కదా. 'నువ్వున్నంతకాలం కాగితం మీద మన గుర్తు ఉండాలి' అన్నాడు. ఆ మాట కోసమే ఒప్పుకున్నాడు. పదవి కోసం అని ఎవరైనా అంటే నువ్వు నమ్మకు.

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. "నాన్న పార్టీ నిలబడ్డచోట మన ఇంటివాళ్ళు వేరే బొమ్మ మీద గీత పెట్టలేదు, ఇకమీదటా పెట్టరు. మరిదికి మా అందరి ప్రార్థనలు తోడుగా ఉన్నాయని చెప్పు" అని రాశావు. ఆయన కళ్ళు తుడుచుకుని, ఆ కాగితం అడిగి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఊరేగింపుల్లో కూడా జేబులోనే ఉంటోంది.

ఇక ఆనకట్ట సంగతి అడిగావు. నిజమే. పుకారు కాదు. కొలతలవాళ్ళు ఆగస్టులో వచ్చి, ఏటి పొడుగునా ఎర్ర గుడ్డలు కట్టిన కర్రలు పాతిపోయారు. నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ కర్రలు చెబుతాయట. మన పొలం నీళ్ళ కిందికే. బడీ నీళ్ళ కిందికే. చర్చి మెట్ల దగ్గర ఒక కర్ర ఉంది. అమ్మా నాన్నల సమాధుల దగ్గర ఉన్న కర్ర ఎక్కడుందనుకున్నావు? వాళ్ళకు పైన, కొండవైపు. అంటే వాళ్ళిద్దరూ నీళ్ళలోనే. గొడుగు పార్టీ వాళ్ళే మళ్ళీ గెలిస్తే వచ్చే ఎండాకాలానికి పని మొదలవుతుందని వాళ్ళ మనిషే మొన్న మైకులో చెప్పాడు. దాన్ని గొప్పగానే చెప్పాడు. కొత్త ఇళ్ళు కట్టిస్తారట, కరెంటు ఎప్పుడూ పోదట.

గొడుగును ఓడించగలిగేది లాంతరు పార్టీ ఒక్కటే. తీరంలో ఉండే సలబియా టీచర్ ఆ గుర్తు మీద నిలబడ్డారు. ఆనకట్ట ఆపుతామని సంతకం పెట్టి కాగితాలు పంచారు. ఆవిడ మన మనిషి కాదు, మన మతమూ కాదు. అయినా మంచి మనిషని గొడుగువాళ్ళు కూడా ఒప్పుకుంటారు. మూడో పేరు మీ మరిదిది.

నువ్వు ఎప్పుడో ఊరు వదిలి వెళ్ళావు, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను. పోయినవారం ఆయన సభకు వచ్చేవాళ్ళకోసం మా వంటింట్లో లినొపోత్ కడుతున్నాం. అదే, ఆకుల్లో అన్నం పొట్లాలు. నువ్వున్నప్పుడు ఎలా కట్టేవాళ్ళమో ఇప్పటికీ అలాగే. రుంబియా అవ్వ పీట మీద కూర్చుని ఆకులు తుడుస్తోంది. కొట్టు మోనికా అన్నం పెడుతోంది, నేను మడుస్తున్నాను. మోనికా ఉన్నట్టుండి ఒక పెద్ద ఆకు పరిచి, దాని మీద అన్నం మూడు కుప్పలుగా పోసింది.

"వదినా, ఇటు చూడు. ఇది గొడుగు. ఇది లాంతరు. ఈ పిడికెడు మన గాదె. పోయినసారి ఇంతే కదా?"

"ఇంతే" అన్నాను.

"ఇప్పుడు ఈ పిడికెడు తీసి లాంతరు మీద వేస్తే?" వేసేసింది. లాంతరు కుప్ప గొడుగు కన్నా ఎత్తయింది.

"తినే అన్నంతో ఆటలేంటే" అంది అవ్వ.

"ఆట కాదవ్వా, లెక్క."

"అంత లెక్కలొచ్చినదానివి, నా పంచదార మాత్రం ఎప్పుడూ తక్కువే ఎందుకు తూస్తావ్?"

"నీకు షుగరుంది కాబట్టి. నీ మంచికే."

అవ్వ నవ్వి, మళ్ళీ ఆకు తుడుస్తూ అంది: "మా ఆయన చచ్చేదాకా గాదెకే వేశాడు. నేనూ గాదెకే వేసి చస్తా."

"చస్తే ఎక్కడ పూడ్చమంటావ్ మరి? నీళ్ళలోనా?"

మోనికా నోరు నీకు తెలుసు. అనేశాక తనే తల దించుకుంది. అవ్వ ఇంకో ఆకు తీసి తుడిచింది.

"కట్టనీవే ఆనకట్ట" అంది అవ్వ చివరికి. "ఈత నేర్చుకుంటా."

అందరం నవ్వాం. నవ్వయ్యాక అవ్వ నావైపు తిరిగింది. "నువ్వేమంటావే లిద్వినా? నిలబడింది నీ మొగుడు."

"ఆకులు ఇంకా తడిగానే ఉన్నాయవ్వా, సరిగ్గా తుడువు" అన్నాను. ఆ పిడికెడు అన్నం వేరే తీయడం కుదరక, ఆ పెద్ద కుప్పనంతా కలిపి పొట్లాలు కట్టేశాం. వాటినే ఆయన సభలో పంచాం.

రెండు రోజుల తరువాత సలబియా టీచర్ మా ఇంటికే వచ్చారు. జీపు బురదలో దిగబడితే, వేలాడే వంతెన మీదుగా గొడుగు లేకుండా తడుస్తూ నడిచి వచ్చారు. ("గొడుగు పట్టుకుంటే వాళ్ళ పార్టీ అనుకుంటారని భయం" అని ఆవిడే నవ్వారు.) ముస్లిం అతిథులకని వేరుగా దాచిన గ్లాసులు తీసి, టీ పోసి, ఉడికించిన అరటికాయలు పెట్టాను. ఎంత శ్రద్ధగా తిన్నారో. మీ మరిది గాదె టోపీ తీయకుండానే ఎదురుగా కూర్చున్నాడు.

"దొనాతుస్ గారూ, పేరు వెనక్కి తీసుకునే గడువు దాటిపోయిందని నాకు తెలుసు" అన్నారావిడ. "ఒక్క మాట చెప్పండి చాలు. నాకు కాకపోయినా ఏటికోసం వేయమని చెప్పండి. మీ మాట ఈ నాలుగు ఊళ్ళూ వింటాయి."

"టీచర్ గారూ, మీరు మంచివారు. మీమీద నాకు ఏమీ లేదు" అన్నాడు ఈయన. "కానీ నేను తప్పుకుంటే మా మామయ్య సమాధి దగ్గరకి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?"

టీచర్ గారు గ్లాసు కింద పెట్టారు. ఆవిడ గొంతు కూడా నాలాగే మెల్లన. "ఆ సమాధి నీళ్ళలో ఉంటే ఏ ముఖం పెట్టుకునీ వెళ్ళలేరు కదండీ" అన్నారు.

ఆయన కోప్పడలేదు. లేచి లోపలికి వెళ్ళి, కొత్త బియ్యం ఒక సంచి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. వంతెన దాకా తోడు వెళ్ళాడు. తిరిగొచ్చి, అన్నం తినకుండా పడుకున్నాడు. నా ఓటు ఎటని అడగనూ లేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. అడగవలసిన అవసరం ఉంటుందని ఆయనకు తోచదు అక్కా. నాకు గుచ్చుకుంటున్నది అదే.

మొన్న శనివారం పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళినప్పుడు ఫాదర్ గారిని అడిగాను. మన ఫాదర్ గారు చిన్నవాడు, నాకు కొడుకుంటే వాడి వయసు ఉంటుంది. "ఎవరికి ఓటు వేసినా పాపం కాదమ్మా, మీ మనస్సాక్షి చెప్పినట్టు వేయండి" అన్నాడు.

"భర్తకు వేయకపోతే?"

"అదీ పాపం కాదు. వేశానని నమ్మించడం మాత్రం... అది మీకే తెలుసు" అన్నాడు.

"నేను ఏమీ చెప్పను ఫాదర్. ఊరుకుంటాను."

"ఊరుకుంటే ఆయన ఏమనుకుంటారు?"

ఫాదర్ గారు ప్రాయశ్చిత్తం కూడా ఏమీ వేయలేదు. వేసి ఉంటే బాగుండేది, చేసేసి మరిచిపోయేదాన్ని.

ఇప్పుడు ఓటు గదుల గురించి రాయాలి. మఠంలో ఉన్న నీకు ఇది గుర్తుండకపోవచ్చు. మన బడిలో ఓటు వేసేది వయసును బట్టి. మొదటి గదిలో పెద్దవాళ్ళు, రెండో గదిలో మా వయసువాళ్ళు, మూడో గదిలో కుర్రకారు. మా వయసు మగవాళ్ళు పైఊళ్ళకు పనికి పోయారు కాబట్టి రెండో గది ఇంచుమించు ఆడవాళ్ళదే. ఏ గది పెట్టె ఆ గదిలోనే విప్పి, అక్కడే లెక్కపెట్టి, ఎవరికెన్నో పైకి చదువుతారు. ఊరు చిన్నది. ఓటు రహస్యమే గానీ గది రహస్యం కాదు. పోయినసారి మూడో గదిలో గొడుగుకు ఎక్కువ పడ్డాయని తెలియగానే, ఎవరింట్లో కొత్త పడవ ఇంజను ఉందో, ఎవరి పిల్లకు ఉద్యోగం వచ్చిందో తెల్లారేసరికి ఊరంతా లెక్క తేల్చేసింది. లెక్కపెట్టేటప్పుడు పోటీచేసినవాళ్ళు కూర్చోవచ్చు. ఈసారి మీ మరిది రెండో గదిలో తానే కూర్చుంటానన్నాడు. "మన ఆడవాళ్ళ గది. అక్కడ కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంటుంది" అని మోనికాతోనే చెప్పాడట.

ఆదివారం పూజ అయ్యాక చర్చి వెనక పళ్ళేలు కడుగుతుండగా మోనికా ఆ సంగతి చెప్పింది. ఫౌస్తినా, ఇంకో నలుగురైదుగురు ఉన్నారు. అందరూ మా గదివాళ్ళే, ఆ గదిలో గాదెకు వేసేది మేమే.

"నువ్వే చెప్పు వదినా" అంది ఫౌస్తినా. దాని భర్త పోయాక మీ మరిదే దాని పొలం దున్నిపెట్టాడు. "నా బిడ్డకు జ్ఞానతండ్రి ఆయన. వరదలో వాణ్ణి భుజం మీద మోసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళినవాడు. ఆయన కళ్ళముందు నా ఓటు ఇంకొకరి లెక్కలో పడితే నేను తట్టుకోలేను. కానీ ఊరు పోతే ఎక్కడికి పోతాం? నువ్వెటు అంటే మేమందరం అటే."

"నేనెందుకు చెప్పాలి?" అన్నాను.

"నువ్వు భార్యవు కాబట్టి. నువ్వే ఆయనకు వద్దంటే ఇంకెవరూ కాదనలేరు" అంది మోనికా. "మా అందరి పీకమీదా ఆయన మంచితనం కూర్చుంది. దాన్ని దించగలిగేది నువ్వొక్కదానివే."

నా చేతిలో పళ్ళెం ఉంది. దాన్ని కడిగాను, మళ్ళీ కడిగాను. నాన్న గుర్తొచ్చాడు, నీ ఉత్తరం గుర్తొచ్చింది, కొండవైపు పాతిన ఆ కర్ర గుర్తొచ్చింది.

"లాంతరుకు వేయండి" అన్నాను.

ఇంత చిన్న గొంతుతో అన్న మాట అందరికీ వినపడింది. ఎవరూ సంతోషించలేదు అక్కా. ఫౌస్తినా కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పుడు ఎవరో అన్నారు, అందరం అటే వేస్తే ఆయన పేరు ఎదురుగా సున్నా చదువుతారు కదా, ఆయన అక్కడే కూర్చుని వింటాడు కదా అని.

"సున్నా రానివ్వను" అంది మోనికా. "ఇన్నాళ్ళూ ఆయన్ని ఆడిపోసుకున్నది నేను. ఆయన పరువుకు ఒక ఓటు నేనే వేస్తా. ఫౌస్తినా, నువ్వొకటి వెయ్. నీకు ఏడుపు తగ్గుతుంది. మీ పెద్దాడపడుచు ఒకటి వేస్తుంది. మూడు చాలు. మిగతావాళ్ళందరూ లాంతరు." కొట్లో సరుకు పంచినట్టు పంచేసి, నావైపు చూసింది. "నువ్వు కూడా ఆయనకే వేసుకో వదినా. నిన్నెవరూ ఏమీ అనరు."

"వద్దు" అన్నాను. "మీకు చెప్పి నేను వేరేగా వేస్తే ఎలా? నాది లాంతరే."

ఇదీ అక్కా, ఇన్ని పేజీల నుంచి నీకు చెప్పాలని తిరుగుతున్న మాట. ఈ శనివారం, ఓట్ల నాడు, నాన్న పార్టీ మీద కాదు, నా భర్త పేరు ఎదురుగా కాదు, వేరేచోట గీత పెట్టబోతున్నాను. నేను ఒక్కదాన్నే కాదు, మా గదినంతా అటు తిప్పాను. నీ మాటను కూడా తోసిపుచ్చాను. చిన్నప్పటినుంచీ నువ్వు చెప్పింది నేను కాదన్నది ఇదే మొదటిసారి అనుకుంటాను.

ఇంటికొచ్చాక కుదురు లేదు. రెండో గదిలో ఆయన కూర్చుంటాడు, మూడు అని చదువుతారు, వాటిలో ఒకటి నాది అనుకుంటాడు. ఆ ఒక్కటీ తలచుకుని ఇంటికొచ్చి నాతో నవ్వుతూ మాట్లాడతాడు. నేను ఊరుకుంటాను. ఫాదర్ గారు అన్నది అప్పుడు అర్థమైంది.

నోటితో చెప్పడం నావల్ల కాలేదు. అందుకని నిన్న సాయంత్రం ఒక పని చేశాను. నువ్వు నవ్వుకున్నా సరే. సొగిత్ పెట్టాను. మన తాతలు చేసినట్టే, ఇంట్లో తప్పు జరిగితే వేడి చల్లారడానికి కోడిని తెచ్చి కట్టేస్తాం కదా, అలా. నా పెట్టల్లో గోధుమరంగుదాన్ని పట్టుకుని, కాళ్ళు కట్టి, మెట్ల కింద స్తంభానికి కట్టాను. కట్టి, పైమెట్టు మీద కూర్చున్నాను.

ప్రచారం ముగించుకుని ఆయన వచ్చాడు. టోపీ, చేతిలో జెండాల కట్ట, కాళ్ళకి మోకాళ్ళదాకా బురద. కోడిని చూసి ఆగిపోయాడు.

"ఎవరింట్లో గొడవ?"

"మనింట్లోనే."

"ఎవరు తప్పు చేశారు?"

"నేను. ఇంకా చేయలేదు. శనివారం చేస్తాను."

ఆయన జెండాల కట్ట దించి కింది మెట్టు మీద కూర్చున్నాడు. నా ముఖం చూడలేదు, నేనూ ఆయన వీపు చూస్తూనే అంతా చెప్పాను. పళ్ళేలు కడిగిన దగ్గర్నుంచి మోనికా పంచిన మూడు ఓట్ల దాకా. కోడి అరుస్తూనే ఉంది.

"సెలిన్ అమ్మా" అన్నాడు చివరికి. "నువ్వు నాకు వేయవని నాకు ఎప్పుడో అనుమానం వచ్చింది. టీచరమ్మ వెళ్ళిన రోజు నువ్వు ఆ గ్లాసు ఎంతసేపు కడిగావో చూశాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు అబద్ధం చెప్పలేవు. నాకు నిజం అక్కర్లేదు అప్పుడు." కాసేపు దగ్గాడు. "నువ్వు వేయకపోవడం కాదు, ఆ మూడు ఓట్లు చూడు, అది నొప్పిగా ఉంది. ఓడిపోవడం నాకు అలవాటే. ముష్టి అలవాటు లేదు. మోనికాకి చెప్పు, నాకు పంచినవి కూడా వెనక్కి తీసుకోమని."

"సున్నా అని చదువుతారు" అన్నాను.

"చదవనీ. రెండో గదిలోనే కూర్చుని వింటా. సున్నా అంటే నా ఆడవాళ్ళందరికీ బుద్ధి ఉందనుకుంటా." జేబు తడుముకున్నాడు, నీ ఉత్తరం ఉన్న జేబు. "నా ఓటు మొదటి గదిలో. అది మాత్రం గాదెకే. మామయ్యకిచ్చిన మాట నాది, నీది కాదు, ఊరిది కాదు. దానికి నా ఒక్క కాగితం చాలు."

"మరి రేపు మైకులో?"

"మైకులో గాదెకే వేయమంటా. పెట్టుకున్న టోపీ సగంలో తీయను."

"ఎవరైనా విని వేసేస్తేనో?"

"నా మాట విననివాళ్ళనే కదా ఇన్ని ఎన్నికల్లో చూశాను" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది. లేచి కోడి కాళ్ళు విప్పాడు. నేను కంగారుపడ్డాను, సొగిత్ తీసుకోనన్నట్టేమో అని. "గుడ్లు పెట్టేదాన్ని కట్టావేంటి, పుంజు దొరకలేదా" అని దాన్ని వదిలేసి, చీకటి పడకముందే పెరట్లో తిరుగుతున్న ముసలి పుంజును తనే పట్టుకొచ్చాడు. అల్లం, మన బియ్యపు సారా వేసి పులుసు పెట్టాను. ఇద్దరం తిన్నాం. తొడ ముక్క నా పళ్ళెంలో వేశాడు. తప్పు చేసినదానికి తొడ ముక్క ఎవరూ వేయరు అంటే, "తప్పులో సగం నాది, వెయ్యనీ" అన్నాడు.

ఈ పొద్దున మోనికాకు చెప్పాను. అది మొదటిసారి నోరు మూసుకుంది. తరువాత "సరే, చెప్పినట్టే చేస్తాం" అని, కొట్టు తలుపు సగం వేసి లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆయన ఏటికి అవతల తిరుగుతున్నాడు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా మైకులో ఆయన గొంతు వినిపిస్తోంది. "మీ గాదెను మరవకండి, మీ గాదెను మరవకండి" అంటున్నాడు. గొంతు బొంగురుపోయింది. నేను ఆయన సభకే మళ్ళీ అన్నం వండుతున్నాను. చాలా అలసిపోయాను అక్కా. లాంతరు గెలుస్తుందో లేదో తెలియదు. గెలిచినా ఆనకట్ట ఆగుతుందో లేదో అంతకన్నా తెలియదు. మీ దగ్గర నిలబడ్డవాళ్ళలో ఎవరికి వేయాలని అడిగావు. నన్నడగకు. ఈ ఏడాదికి ఇంకొకరికి చెప్పే శక్తి నాలో లేదు.

ఇంకొక్క మాట రాసి ముగిస్తాను. రాత్రి ఆయన అలా మాట్లాడాక నాకు ఒక కొత్త కష్టం వచ్చిపడింది. అంతకుముందు లేనిది. ఇప్పుడు ఆయనకే వేయాలనిపిస్తోంది. ఆ గదిలో కాగితం చేతికిచ్చి, పెన్సిలు ఇచ్చి, అట్ట అడ్డం పెట్టాక అక్కడ నేనూ ప్రభువూ తప్ప ఎవరూ ఉండరు. ఒక్క గీత. ఎవరికీ తెలియదు. సున్నా కాకుండా ఒకటి అని చదివితే ఆ పిచ్చివాడి ముఖం ఎలా ఉంటుందో తలచుకుంటే నా చేయి నా మాట వింటుందని నమ్మకం లేదు.

అందుకే ఇదంతా నీకు రాశాను. నీకు రాసి, మదర్ గారు చదివి, నీ చేతికిచ్చాక నేను అబద్ధం ఆడలేను. బియ్యం లారీ ఇప్పుడే వచ్చి ఆగింది, డ్రైవరు చేతికిచ్చి పట్నంలో పోస్టు చేయమంటాను. ఇది నీకు చేరేసరికి శనివారం దాటిపోతుంది, నన్ను ఆపడానికి నీకు వీలుండదు. లాంతరు మీద గీత పెట్టి వచ్చానని అప్పటికి నువ్వు నమ్ముతూ ఉంటావు. నువ్వు నమ్మినట్టే చేసి ఉంటాను.

ఇట్లు,
నీ మాట కాదన్నా నీ ప్రార్థన కోరే చెల్లెలు,
లిద్వినా